పాలు మాన్పించిన పందిపిల్లల దాణాలో ఎంజైములు

పందిపిల్ల జీవితంలో తల్లిపాలు మాన్పించిన తరువాతి వారం అతి క్లిష్టమైనది. ఈ దశకు ఉపయోగపడతాయంటూ అనేక ఎంజైమ్ పొడులు అమ్ముతారు. ఈ పాఠ్యభాగం చదివిన తరువాత, ఒక ఎంజైమ్ ఒక దాణాకు సరిపోతుందో లేదో మీరు కారణాలతో చెప్పగలుగుతారు.

1. పాలు మానిన వారంలో ఏమి జరుగుతుంది?

పాలు తాగే పిల్లలో లాక్టోజ్‌ను జీర్ణం చేసే లాక్టేజ్ సమృద్ధిగా ఉంటుంది. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్, మాల్టేజ్ పుట్టినప్పుడు చాలా తక్కువగా ఉండి, వయస్సుతోపాటు పెరుగుతాయి. వాణిజ్య క్షేత్రాలలో సాధారణంగా 21–28 రోజులకే పాలు మాన్పిస్తారు. అప్పటికి ఈ పెరుగుదల పూర్తికాదు. పైగా తల్లికి దూరమైన పిల్ల మొదటి రెండు మూడు రోజులు సరిగా తినదు. దానితో చిన్న పేగులోని చూషకాలు పొట్టివవుతాయి. క్లోమ ఎంజైముల క్రియాశీలత తగ్గుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం కూడా చాలినంత ఊరదు. జీర్ణం కాని దాణా పెద్దపేగు చేరి హానికర బాక్టీరియాకు ఆహారమవుతుంది. పిల్లలు పారుకొని, నీరసించి, కొన్ని చనిపోతాయి.

ఇటువంటి పారుడును అరికట్టడానికి ఒకప్పుడు దాణాలోనే యాంటీబయాటిక్ కలిపేవారు. బాక్టీరియా ఆ మందులకు లొంగకుండా పోతున్నందువల్ల, ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లను దాణాలో కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 నుంచి నిషేధించింది. మన దేశంలో 2019లో ఆహారానికి పెంచే జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించారు. ఎంజైములపై ఆసక్తి పెరగడానికి ఇదొక కారణం.

2. ఎంజైములు రెండు రకాలు

మొదటి రకం పంది శరీరంలోనే తయారయ్యేవి: అమైలేజ్, ప్రోటియేజ్, లైపేజ్. రెండవ రకం పంది ఏ వయస్సులోనూ తగినంత తయారుచేసుకోలేనివి: ఫైటేజ్, జైలనేజ్, బీటా-గ్లూకనేజ్.

కొరత ఉన్న మొదటి రకాన్ని బయటినుంచి ఇస్తే చాలదా అని మీకు అనిపించవచ్చు. కాని ప్రయోగాలలో వీటి ఫలితాలు నిలకడగా లేవు. పిల్ల తినడం మొదలుపెట్టగానే దాని సొంత ఎంజైములు పుంజుకొంటాయి. పొట్టివైన చూషకాలను ఎంజైమ్ పొడి పెంచలేదు. తినని దాణాను జీర్ణం చేయించనూ లేదు. రెండవ రకం లోటు అలా తీరేది కాదు. కాబట్టి వాటి అవసరం ఎదిగిన పందులకూ ఉంటుంది.

3. అధస్థ పదార్థం ఉంటేనే ఎంజైముకు పని

తాళంచెవికి తగిన తాళం ఉండాలి. జైలనేజ్ గోధుమ, రై, గోధుమ తవుడులలోని అరబినోజైలాన్‌లను, బీటా-గ్లూకనేజ్ బార్లీ, ఓట్స్‌లోని బీటా-గ్లూకాన్‌లను విచ్ఛిన్నం చేస్తాయి. యూరప్‌లో గోధుమ, బార్లీ దాణాలు ఎక్కువ కాబట్టి అక్కడ ఇవి బాగా వాడుకలోకి వచ్చాయి. అక్కడి ఫలితాలను మొక్కజొన్న, వరి తవుడు వాడే మన రైతుకు యథాతథంగా వర్తింపజేయరాదు. హోటళ్ళ మిగులు ఆహారం పెట్టేచోట దాణా రోజుకొక తీరుగా ఉంటుంది. దానికి తగిన ఎంజైమును ఎంచుకోవడమే కష్టం.

4. ఫైటేజ్

ధాన్యాలు, నూనెగింజల చెక్కలలోని ఫాస్ఫరస్‌లో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది. వరి తవుడులో ఈ వాటా ఇంకా ఎక్కువ. ఫైటేట్ కాల్షియం, జింక్‌లను కూడా పట్టి ఉంచుతుంది. పంది దీనిని చాలావరకు వాడుకోలేక పేడలో విసర్జిస్తుంది. పేడలోని ఫాస్ఫరస్‌తో నీటి కాలుష్యం తీవ్రమైన నెదర్లాండ్స్‌లో 1991లో దాణా ఫైటేజ్ మార్కెట్‌లోకి వచ్చింది. సాధారణ మోతాదు కిలో దాణాకు సుమారు 500 యూనిట్లు.

ఫైటేజ్ విడుదల చేసిన ఫాస్ఫరస్ మేరకు డైకాల్షియం ఫాస్ఫేట్‌ను తగ్గించాలి. తగ్గించకపోతే రైతు ఒకే పోషకానికి రెండుసార్లు డబ్బు చెల్లించినట్లే. సున్నపురాయి పొడి మితిమీరితే ఫైటేజ్ పని మందగిస్తుంది.

5. జాగ్రత్తలు

ఎంజైములు ప్రోటీనులు. గుళికల దాణా తయారీలో ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్ దాటితే, రక్షణ పూత లేనివి చాలావరకు నశిస్తాయి. పొడిని చల్లని, తేమలేని చోట నిలవచేయాలి. వెచ్చని పొడి పడక, శుభ్రమైన నీరు, పాలు మానకముందే కొద్దికొద్దిగా దాణా అలవాటు చేయడం, వీటికి ఏ ఎంజైమూ ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న: మొక్కజొన్న, సోయా చెక్క, వరి తవుడుతో దాణా కలిపే రైతుకు దుకాణదారు బీటా-గ్లూకనేజ్ మాత్రమే ఉన్న పొడిని సిఫారసు చేశాడు. మీ సలహా ఏమిటి?

జవాబు: ఆ దాణాలో బీటా-గ్లూకాన్ చాలా తక్కువ, కాబట్టి ఆ ఖర్చు వృథా. ఫైటేట్ మాత్రం ఎక్కువగా ఉంది. ఎంజైమ్ కొనదలిస్తే ఫైటేజ్ కొని, డైకాల్షియం ఫాస్ఫేట్‌ను ఆ మేరకు తగ్గించుకోవాలి.