కారం – మమకారం

"కారం తినలేనోడు ఓరుగల్లు బిడ్డెట్లైతడు?" అని మొదటి సంవత్సరంలో మా హాస్టలు గదిలో పెద్ద చర్చ లేచింది. లేవదీసింది నేనే. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

గదిలో ముగ్గురం. నాది మహబూబాబాద్ పక్క పల్లె. మిగిలిన ఇద్దరిలో ఒకడిది జనగామ, ఇంకొకడిది భూపాలపల్లి. 2016 దాకా ఈ మూడు ఊళ్ళూ ఒకే వరంగల్ జిల్లాలోవి. మాకు మిరపతోట ఉంది. కల్లంలో ఎండబోసిన కాయల నడుమ తుమ్ముకుంటూ పెరిగినవాణ్ణి. జనగామ మిత్రుడు మాత్రం మెస్సులో కూర ముద్ద నోట్లో పెట్టగానే చెవులు ఎర్రబడి, కళ్ళ నీళ్ళతో చెంబెడు నీళ్ళు తాగేవాడు. మేము పకపకా నవ్వి "పెరుగన్నం దొర" అని పేరు పెట్టాం. కొన్నాళ్ళకు వాడు రాత్రిపూట మెస్సుకు రావడమే మానేసి, బన్ను తిని పడుకుంటున్నాడని తెలిసింది. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అప్పటి నుంచి లైబ్రరీలో ఈ కారం సంగతేమిటో చూడటం మొదలుపెట్టాను.

షడ్రుచులలో కారాన్ని మనం లెక్కపెడతాం గానీ, శాస్త్రం దృష్టిలో అది రుచి కాదు, మంట. మిరపకాయలో గింజలు అంటుకొని ఉండే తెల్లని భాగంలో క్యాప్సైసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. వేడిని, నొప్పిని మెదడుకు చేరవేసే నాడులకు ఒక ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే ద్వారం తెరుచుకుంటుంది. 1997లో దీనిని కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అంటే "నోరు కాలిపోతున్నది" అన్న మా వాడి మాట నటన కాదు. వాడి నాడులు చెప్పింది అదే. పైగా క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు. మేము వాడికి ఇవ్వవలసింది చెంబెడు నీళ్ళు కాదు, గ్లాసెడు మజ్జిగ.

మరి అదే కూర నాకెందుకు కమ్మగా ఉంది? కొంత పుట్టుకతో వచ్చేది, చాలావరకు అలవాటు. పదే పదే కారం తగిలితే ఆ నాడులు మొద్దుబారతాయి. మా అమ్మ చిన్నప్పుడు నాకు కూరముక్క నీళ్ళలో కడిగి పెట్టేది. తరువాత నెయ్యి కలిపి, ఆ తరువాత కొంచెం కొంచెం కారం పెంచుతూ పెట్టేది. మెక్సికో పల్లెల్లోనూ పిల్లలకు ఇట్లాగే మెల్లమెల్లగా అలవాటవుతుందని పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980లో రాశాడు. ప్రమాదం లేదని తెలిసిన మంటను మనసు ఆటగా తీసుకుంటుందని ఆయన అభిప్రాయం. జాతరలో రంగులరాట్నం ఎక్కి భయంతో అరుస్తూనే మళ్ళీ ఎక్కుతామే, అట్లా అన్నమాట.

దీనికి తోడు లేమి ఉంది. కూర లేని పూట గటకను గొంతు దిగేట్టు చేసింది చిటికెడు తొక్కే. ఆ అవసరమే తరాలు గడిచేసరికి మమకారమైంది.

"మన రక్తంలోనే కారముంది" అనే గొప్ప కూడా నిలవదు. మిరప అమెరికా ఖండాల మొక్క. 1498లో వాస్కో డ గామా వచ్చిన తరువాతనే పోర్చుగీసు వారి వెంట మన దేశం చేరింది. కాకతీయుల కాలంలో ఓరుగల్లులో ఒక్క మిరపకాయ కూడా లేదు!

చివరికి మా తగవు తీర్చింది భూపాలపల్లి మిత్రుడు. సంక్రాంతి సెలవుల నుంచి వస్తూ చపాట మిర్చి పచ్చడి తెచ్చాడు. లావుగా, టమాటలాగా ఎర్రగా ఉండే ఈ కాయలో రంగు ఎక్కువ, కారం తక్కువ. వరంగల్, భూపాలపల్లి ప్రాంతాల్లో పండే ఈ రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జనగామ వాడు ఆ పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మండే మిరపనూ, మండని మిరపనూ ఈ నేలే పండిస్తున్నప్పుడు, ఎవరు దీని బిడ్డ, ఎవరు కాదు అనడానికి నేనెవణ్ణి?

ఇప్పుడు ముగ్గురం ఒకే బల్ల మీద తింటున్నాం. మజ్జిగ గ్లాసు మాత్రం నేనే తెస్తున్నాను.