అలారం మోగితే వచ్చేదెవరు?

అమ్మానాన్నలు హైదరాబాద్‌లో, కొడుకు డాలస్‌లో. తెలుగు కుటుంబాల్లో ఇప్పుడిది మామూలు సంగతి. హాల్లో ఒక కెమెరా ఉంటే కాస్త ధైర్యమని ఆ కొడుక్కి అనిపించడం సహజం. టెలికాం కంపెనీలకూ ఆ సంగతి తెలుసు. 2022లో ఎయిర్‌టెల్ ‘ఎక్స్‌సేఫ్’ పేరుతో 40 నగరాల్లో ఇంటి కెమెరాల సేవ మొదలుపెట్టింది. అప్పట్లో మొదటి కెమెరాకు చందా ఏడాదికి 999 రూపాయలు. కదలిక కనిపిస్తే యజమాని ఫోనుకు కబురు వస్తుంది.

వచ్చాక? అర్ధరాత్రి గోడ దూకినవాణ్ని ఆ కొడుకు ఫోన్‌లో చూడగలడు, పక్కింటివాళ్లను నిద్రలేపగలడు. అంతకుమించి చేయగలిగింది తక్కువ.

ఇంటి భద్రతను టెలికాం కంపెనీలు అమ్మవచ్చు. వైరు వాళ్లదే, బిల్లు వాళ్లదే, ఇంటికొచ్చే మెకానిక్కూ వాళ్లవాడే. కానీ కెమెరా అమ్మి, కాపలా అమ్మామని చెప్పకూడదు.

తాళం వేసిన ఇళ్లపై నిఘాకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు నడిపే ఎల్‌హెచ్‌ఎంఎస్‌ను దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా బిగిస్తారు. లోపల మనిషి కదిలితే అలారం మోగేది కంట్రోల్ రూమ్‌లో. పరుగెత్తేది గస్తీ సిబ్బంది. ఇంటివాళ్లకు పైసా ఖర్చు లేదు. అక్కడ కెమెరా వెనక మనిషి ఉన్నాడు.

తీగకూ కాపలాకూ చుట్టరికం పాతదే. అమెరికాలో పేరుమోసిన అలారం కంపెనీ ఏడీటీ 1874లో టెలిగ్రాఫ్ సంస్థగా పుట్టింది. అదే అమెరికా 1996 టెలికాం చట్టంలో, ప్రాంతీయ ‘బెల్’ టెలిఫోన్ కంపెనీలు అయిదేళ్లపాటు అలారం వ్యాపారంలోకి రాకూడదని రాసుకుంది. అప్పటికే ఆ వ్యాపారంలో ఉన్న అమెరిటెక్‌కు మాత్రం మినహాయింపు. అప్పట్లో చాలా అలారం కంపెనీలు ఆ బెల్ లైన్ల మీదే బతికేవి. లైను యజమానే పోటీకి దిగితే చిన్నవాళ్ల గతేమిటన్నది వాళ్ల భయం. ఆ భయంలో న్యాయముంది.

ఆ అయిదేళ్ల గడువు తీరాక ఏటీ అండ్ టీ 2013లో 15 నగర మార్కెట్లలో ‘డిజిటల్ లైఫ్’ తెచ్చింది. తలుపు తాళం, లైట్లు, అలారం అన్నీ ఫోన్‌లోంచే. 2022 ఫిబ్రవరిలో కంపెనీ తన 3జీ నెట్‌వర్క్‌ను మూసేసింది. ఆ ఏడాదే డిజిటల్ లైఫ్ కథా ముగిసింది. తలుపు తాళం ఇరవై ఏళ్లు పనిచేస్తుందని జనం అనుకుంటారు. టెలికాం లెక్కలో తరం మారడానికి పదేళ్లు చాలు.

మన దగ్గర చిక్కు ఇంకా మొరటుది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాలకు వేలాడే కేబుళ్లను కత్తిరించుకుంటూ పోయారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది, ఎయిర్‌టెల్ హైకోర్టు మెట్లెక్కింది. ఆ ప్రాణనష్టం ముందు కేబుళ్ల గొడవ చిన్నదే. అయినా రౌటర్ ఆగితే దాని మీద ఆధారపడ్డ కెమెరా ఎవరికీ ఏమీ పంపలేదు. బ్యాటరీ, విడిగా ఒక సిమ్ లేని వ్యవస్థను ‘సెక్యూరిటీ’ పేరుతో అమ్మనివ్వకూడదు.

నమ్మకం సంగతి మరొకటి. 2017లో సిమ్ కోసం ఇచ్చిన ఆధార్‌తో, సరైన అనుమతి లేకుండా ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారన్న ఆరోపణ వచ్చింది. కొందరి గ్యాస్ సబ్సిడీ కూడా వాటిలోకే వెళ్లింది. ఆధార్ సంస్థ ఈకేవైసీని నిలిపేసింది, 2018 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ 5 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వేలిముద్ర విషయంలోనే అలా జరిగితే, పడకగది దృశ్యాల మాటేమిటి? అమెరికాలో ఇంటి కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ, తన ఉద్యోగులు కస్టమర్ల వీడియోలు చూశారన్న అభియోగం మీద 2023లో 58 లక్షల డాలర్లు కట్టాల్సివచ్చింది.

కాపలా మనుషుల్ని పంపే ప్రైవేటు ఏజెన్సీలకు 2005 చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. టెలికాం కంపెనీ అలాంటి ఏజెన్సీతో ఒప్పందం చేసుకుని, అలారం మోగిన ఎన్ని నిమిషాల్లో మనిషి వస్తాడో, పరికరం ఎన్నేళ్లు నడుస్తుందో బిల్లు మీదే అచ్చువేయాలి. మాట తప్పితే అడగడానికి దారి ఉంది: టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2022లో సుప్రీంకోర్టు వొడాఫోన్ ఐడియా కేసులో తేల్చిచెప్పింది.