కొండాపూర్‌కీ హనుమకొండకీ మధ్య ఖర్చు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) పట్టికలో హైదరాబాద్ ఎక్స్ తరగతి నగరం, వరంగల్ వై తరగతి. కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం జెడ్ తరగతి. జనాభా 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షలు దాటితే వై, అంతకు తక్కువైతే జెడ్. కరువు భత్యం (డీఏ) 50 శాతానికి చేరిన 2024 జనవరి నుంచి ఈ మూడు తరగతులకూ ఇంటి అద్దె భత్యం మూలవేతనంలో 30, 20, 10 శాతంగా ఉంది. 50,000 రూపాయల మూలవేతనం ఉన్న ఉద్యోగికి హైదరాబాద్‌లో 15,000, వరంగల్‌లో 10,000, కరీంనగర్‌లో 5,000 వస్తాయన్నమాట. ప్రయాణ భత్యమూ అంతే. హైదరాబాద్ సహా దేశంలోని 19 నగరాలకు ఒక రేటు, మిగతా ఊళ్లన్నిటికీ అంతకంటే తక్కువ. ఈ రెండూ తప్పిస్తే మూలవేతనం, డీఏ ఏ ఊళ్లో ఉన్నా ఒకటే.

ఊరు మారితే మారే ఖర్చులు రెండేననీ, అవి ఇల్లూ దారీ అనీ ఆ పట్టిక చెప్పకనే చెబుతోంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇండియాకు తిరిగి వద్దామని ఆలోచించే మనవాళ్లు, అమ్మానాన్నల్ని ఏ ఊళ్లో ఉంచాలో తేల్చుకోలేని మనవాళ్లు ముందుగా ఆ పట్టిక చూడాలని నా కోరిక. "హైదరాబాద్‌లో నెలకెంత అవుతుంది?" అని అడిగితే పదిమంది పది అంకెలు చెబుతారు. ఎవరి అంకె వారికి నిజమే. తేడా ఎక్కడ పుడుతోందో తెలియకపోతే మాత్రం ఆ పది అంకెలతోనూ మనకు పని జరగదు.

ముందు, తేడా లేనివి చూద్దాం. తెలంగాణలో ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే ప్రధాన సంస్థలు రెండు, దక్షిణానికి ఒకటి, ఉత్తరానికి ఒకటి. నియంత్రణ మండలి నిర్ణయించే యూనిట్ ధర మాత్రం మాదాపూర్‌లోనూ మంచిర్యాలలోనూ ఒకటే. గ్యాస్ సిలిండరుకు, పెట్రోలుకు రవాణా దూరాన్నిబట్టి చాలా జిల్లాల్లో కాస్త ఎక్కువ పడుతుంది. ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలోనైతే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఏ జిల్లాలోనైనా ఉచితమే. ఫోన్ రీచార్జి, సబ్బు, టూత్‌పేస్టు, కంపెనీ మందులు ముద్రించిన ధరకే దొరుకుతాయి. కూరగాయల విషయంలో మాత్రం ఊరి కంటే కొనే చోటే ముఖ్యం. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి రైతుబజారులో టమాటా ధరకూ, దానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని కొండాపూర్ సూపర్‌మార్కెట్ ధరకూ ఉండే తేడా, చాలాసార్లు కూకట్‌పల్లికీ వరంగల్‌కూ ఉండే తేడా కంటే ఎక్కువ.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. దంపతులు, ఇద్దరు పిల్లలు. చదువును, ప్రయాణాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. వరంగల్‌ను ఆనుకున్న హనుమకొండ నయీంనగర్‌లో రెండు పడకగదుల ఇల్లు మెయింటెనెన్స్‌తో కలిపి 12,000 అనుకుందాం. బియ్యం, పప్పు, పాలు, కూరలకు 16,000. కరెంటు, గ్యాస్, ఫోన్, ఇంటర్నెట్‌కు 4,000. అదే కుటుంబం కొండాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి వస్తే ఇంటికి 38,000, తిండికి 19,000, మిగతావాటికి అదే 4,000. ఇవి నేను వేసిన అంచనాలే. మీ బంధువుల ఇంట్లో రెండు మూడు వేలు అటూ ఇటూ ఉండవచ్చు. తేడా మొత్తం 29,000. అందులో 26,000 ఇంటిదే. నూటికి దాదాపు తొంభై పాళ్లు తేడా నాలుగు గోడల్లోనే ఉంది.

ఈ సందర్భంలో తరచూ కనిపించే పొరపాటు ఒకటి చెప్పాలి. లేబర్ బ్యూరో ప్రతి నెలా పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని కేంద్రాలవారీగా ప్రకటిస్తుంది. అందులో హైదరాబాద్, వరంగల్ రెండూ ఉన్నాయి. వరంగల్ అంకె హైదరాబాద్ అంకెను దాటిన నెలలో, చూశారా, అక్కడే ఖరీదెక్కువ అని కొందరు వాదిస్తారు. ఆ సూచీ 2016లో ఏ ఊరి ధరల్ని ఆ ఊరికే 100గా తీసుకుని, అక్కడినుంచి ఎంత పెరిగాయో చెబుతుంది. ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చడానికి అది పనికిరాదు.

కొండాపూర్ వైపు ఇంటి అద్దె ఇంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే నేల ధర చూడాలి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ బండరాళ్లు, తుప్పలు. కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 2021 జులైలో వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో నియోపోలిస్ లేఅవుట్‌లో 100.75 కోట్లు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వ సంస్థ టీజీఐఐసీ వేలంలో 177 కోట్లు. నేలకు ఇంత పెట్టినవారు దాన్ని చదరపు అడుగుల్లో రాబట్టుకోవాలి. కొన్నవారు వాయిదాల్లో, అద్దెకున్నవారు నెలనెలా ఆ భారం మోస్తారు. వేలం సొమ్ము ఖజానాకు చేరుతుంది, నిజమే. కానీ ఒక్కో వేలం తర్వాత చుట్టుపక్కల మామూలు ఇళ్ల యజమానులు కూడా అద్దె పెంచుతారు, కిరాయిదారు జీతం పెరిగినా పెరగకపోయినా.

ఇందులో మన వాటా కూడా ఉంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లం గచ్చిబౌలి, నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేటల్లో ఒక ఫ్లాటు కొన్నాక రెండోది, మూడోది కొంటున్నాం. డాలర్లలో చూస్తే చవకే. అక్కడే ఉద్యోగం చేస్తూ రూపాయల్లో జీతం తీసుకునే కుర్రవాడికి, మనం చవక అనుకున్న ఆ ధరతోనే పోటీ పడాల్సి వస్తుంది. కొనడం తప్పని నేననను. ఉంటే గింటే మనవాళ్లెవరైనా ఉంటారని తాళం వేసి ఖాళీగా ఉంచిన ఇంటిని ఒక కుటుంబానికి సరసమైన అద్దెకు ఇవ్వమని మాత్రం అడుగుతాను.

ఆ కుర్రవాడి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఐటీ కారిడార్, ఈ సైబరాబాద్ అంటే అతనే. పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరేవారి జీతం ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. కోతలు పోగా చేతికి నెలకు పాతికవేలు. అందుకే అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి అంజయ్యనగర్, కేపీహెచ్‌బీ కాలనీల్లో అంత దట్టంగా హాస్టళ్లు. త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ గదిలో ఒక మంచం, మూడు పూటల తిండి, ఏడెనిమిది వేలు. ఆదివారం బిర్యానీ. పెళ్లయి, పిల్లలు పుట్టేసరికి ఆ మంచం చాలదు. అప్పుడు కుటుంబాలు మియాపూర్, చందానగర్, లింగంపల్లి వైపు, ఇంకా బయటికి కొల్లూరు వైపు జరుగుతాయి.

అక్కడ రెండో ఖర్చు మొదలవుతుంది, దారి. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి మెట్రో వచ్చింది. ఇప్పటికీ ఆ లైను అక్కడే ఆగుతుంది. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి, రైలు మారి, మళ్లీ పడమటికి రావాలి. రోడ్డు మీద కొండాపూర్ మీదుగా పది కిలోమీటర్ల లోపే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట ఆఫీసులకు మెట్రో ఇంకా ప్రతిపాదనల్లోనే ఉంది. ఎంఎంటీఎస్ రైలు అన్నిటికంటే చవక, అయిదు రూపాయల నుంచి టికెట్. లింగంపల్లి నుంచి హైటెక్ సిటీ స్టేషన్‌కు నిమిషాల్లో చేరుస్తుంది. కానీ రైళ్లు తక్కువ. అందుకని బైకు, కారు, క్యాబు. అద్దెలో పదివేలు ఆదా అయితే అందులో సగం పెట్రోలుకు పోతుంది. మిగతా సగానికి బదులుగా రోజుకు రెండు మూడు గంటలు దారిలో పోతాయి. ఆ గంటలు ఏ లెక్కలోనూ రాయరు. ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు నీటి బిల్లు లేదు. అయినా ఐటీ కారిడార్‌లోని చాలా అపార్టుమెంట్లు ఎండాకాలం ట్యాంకర్ల మీదే నడుస్తాయి. కుళాయి నీరు చాలదు, బోర్లు ఎండిపోతాయి. ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్స్ బిల్లులో కలిసి వస్తుంది. 

ఆ అపార్టుమెంట్లలో పనిచేసేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోకపోతే ఖర్చు గురించి మాట్లాడే హక్కు మనకు లేదని నాకనిపిస్తుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్‌లు, పనమ్మలు, క్యాంటీన్ కుర్రాళ్లు ఈ కారిడార్‌ను నిలబెడుతున్నారు. జాతీయ గృహ వినియోగ సర్వే ప్రకారం 2022-23లో తెలంగాణ పట్టణాల్లో మనిషి నెలసరి ఖర్చు సగటున 8,158 రూపాయలు. నలుగురున్న ఇంటికి 32,600 చిల్లర. కొండాపూర్ గేటెడ్ ఫ్లాటు అద్దె ఒక్కటే దాన్ని మించిపోయింది. సిద్ధిక్‌నగర్ లాంటి బస్తీలో రేకుల గదికి కూడా నేల ధర సోకింది. జీతంలో మూడో వంతు గదికిచ్చి, మిగిలినదాంట్లో ఊరికి పంపే తల్లులున్నారు. పనికి దూరంగా పోతే ఇంకో రెండిళ్ల పని పోతుంది. హెచ్‌ఆర్‌ఏ పట్టిక వాళ్ల కోసం రాసినది కాదు.

జిల్లాల్లో అంతా చవకేనని చెప్పి ఆపేస్తే అదీ సగం మాటే. హనుమకొండలో పన్నెండు వేలకు ఇల్లు దొరుకుతుంది. కానీ నాన్నగారికి గుండె ఆపరేషన్ అన్నప్పుడు చాలామంది నూట నలభై కిలోమీటర్లు దాటి పంజాగుట్ట నిమ్స్‌కో, గచ్చిబౌలి కార్పొరేట్ ఆస్పత్రికో రావలసిందే. కారు కిరాయి, వెంట వచ్చినవాళ్లకు లాడ్జి, బయటి తిండి. మీరు సెలవులకు వచ్చినప్పుడు శంషాబాద్ నుంచి ఖమ్మం వెళ్లే టాక్సీ కూడా ఈ పద్దులోదే. అన్నిటికంటే పెద్దది ఉద్యోగం. ఊళ్లో ఉండి ఆదా చేసేది నెలకు ముప్పై వేలైతే, ఆ ఊళ్లో దొరకని జీతం అంతకు రెండింతలు కావచ్చు. అందుకే జనం అంత అద్దెలు కట్టైనా కారిడార్‌కే వస్తున్నారు.

తిరిగి రావాలనుకునేవారికి నేనిచ్చే సలహా చిన్నది. హైదరాబాద్ మొత్తానికి ఒకే అంకె వేసుకోకండి. ముందు ఆఫీసు ఎక్కడో తేల్చుకుని, అక్కడికి గంటలోపు చేరగల పేటల్లో అద్దెలు కనుక్కోండి. స్కూలు ఫీజును విడిగా రాసుకోండి. అది ఊరి ధర కాదు, మీరు ఎంచుకున్న బడి ధర. అమ్మానాన్నల విషయమైతే మొదట చూడాల్సింది అద్దె కాదు. నడిచి వెళ్లేంత దూరంలో తెలిసినవాళ్లు, అరగంటలో మంచి డాక్టరు ఉన్నారా లేదా. ఆ రెండూ ఉంటే కరీంనగర్‌లో వాళ్ల పింఛనుతోనే హాయిగా గడుస్తుంది.

ఇక కంపెనీలు నడుపుతున్న మనవాళ్లకు ఒక మనవి. 2020 జనవరిలో వరంగల్ మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు మొదలయ్యాయి. అదే ఏడాది జులైలో కరీంనగర్ ఐటీ టవర్, డిసెంబరులో ఖమ్మం ఐటీ హబ్. 2023లో మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్ వరుసగా వచ్చాయి. భవనాలున్నాయి. మడికొండకు దగ్గర్లోనే నిట్ వరంగల్, కాకతీయ విశ్వవిద్యాలయం, వాటి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. మాదాపూర్‌లో పాతికవేల జీతంతో షేరింగ్ గదిలో మంచం అద్దెకు తీసుకునే వరంగల్ అమ్మాయి, అదే జీతానికి మడికొండలో పనిచేస్తే తల్లిదండ్రుల దగ్గరే ఉండి నెలకు పదిహేను వేలు దాచుకోగలదు. మీ సంస్థ తర్వాతి యాభై ఉద్యోగాలు ఎక్కడ పెట్టాలో ఈ ఏడాది నిర్ణయించేటప్పుడు, రాయదుర్గం ఆఫీసు అద్దె పక్కన మడికొండ అద్దెను కూడా రాసి చూడండి.