కార్ఖానా జబ్బు – చెలక జబ్బు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిమీద చౌటుప్పలు దాటినపిమ్మట చిట్యాల వచ్చును. ఇరువైపుల ఎర్రచెలకలు, అక్కడక్కడ గ్రానైటు గుట్టలు, తాటిచెట్లు. బస్సులో పోవువానికి ఈ నేలలో కరవు తప్ప వేరొకటి కనబడదు. కరవు సంగతి నిజమే. అయినను చిట్యాల, నార్కట్‌పల్లి, మునుగోడు, చండూరు, మర్రిగూడ ప్రాంతముల పేరు దూరదేశముల వైద్యులకు తెలిసినది కరవుచేత కాదు, ఒక ఎముకల వ్యాధిచేత. శాస్త్రజ్ఞులు దానిని ఫ్లోరోసిస్ అందురు. పల్లెజనులు ఫ్లోరిన్ నీళ్ల జబ్బు అందురు. పల్లెజనుల మాటలోనే కారణముకూడ చేరియున్నది.

మొదట పండ్లపై గోధుమవన్నె గారలు తేలును. అది బాల్యములో త్రాగిన నీటి గురుతు. ఇరువది ముప్పది ఏండ్లు గడచినపిదప నడుము బిగియును, మెడ తిరుగదు, నేలపై కూర్చుండినవాడు చేయూత లేక లేవలేడు. వెన్నుపూసలను కట్టియుంచు బంధనములు క్రమముగా ఎముకవలె గట్టిపడి, వెన్నంతయు ఒకే కర్రవలె అగును. కడపట వెన్నుపాము నొక్కబడి కాళ్లు చచ్చుబడుటయు కలదు. ఇంత పని చేయు పదార్థమునకు నీటిలో రంగు లేదు, వాసన లేదు.

వింతయేమనగా, ఈ పదార్థమునకు పేరు లోహములు కరగించువారి కొలిమినుండి వచ్చినది. పదునారవ శతాబ్దిలో బొహీమియాదేశపు గనుల పట్టణమొకదానిలో వైద్యుడుగా నుండిన జార్జియస్ అగ్రికోలా, ముడిలోహముతోపాటు కొలిమిలో వేయు ఒకవిధమైన రాతినిగూర్చి వ్రాసెను. ఆ రాయి చేరినయెడల ముడిలోహము సులువుగా కరగి పారును. లాటిను భాషలో పారుట అను అర్థముగల ధాతువునుండి రాతికి, రాతినుండి ఫ్లోరిన్ అను మూలకమునకు పేరు సంక్రమించినది. అగ్రికోలా మరణించిన మరుసటియేట, 1556లో, వెలువడిన ఆయన ఉద్గ్రంథమున గనిపనివారి ఊపిరితిత్తుల వ్యాధులనుగూర్చియు ఉన్నది. కార్పాతియను పర్వతప్రాంతపు గనులలో భర్తలను ఒకరి వెంట ఒకరిని పోగొట్టుకొని ఏడుమారులు పెండ్లాడిన స్త్రీలు కలరని ఆయన వ్రాసెను. లోహవిద్యయు, కార్మికుని ఆరోగ్యమును ఒకే గ్రంథమున చోటు చేసికొనుట ఆ కాలమున ఆశ్చర్యము కాలేదు కాబోలు! ఇప్పుడు ఆ రెండు విద్యలకును వేర్వేరు కళాశాలలు, వేర్వేరు ఆచార్యులు.

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అను ఇరువురు యువకులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, అల్యూమినియమును చౌకగా తీయు మార్గమును కనుగొనిరి. కరగిన క్రయొలైటు అను ఖనిజములో అల్యూమినియము ఆక్సైడును కరగించి, దానిగుండ విద్యుత్తును పంపుటయే ఆ మార్గము. క్రయొలైటులో సోడియము, అల్యూమినియము, ఫ్లోరిన్ ఈ మూడును కలవు. అది విరివిగా దొరకిన చోటు గ్రీన్లాండులోని ఇవిగ్‌టుట్ గని. ఆ రాయి ఓడలమీద డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ చేరి, అక్కడి కార్ఖానాలో పొడియగుచుండెను. పనివారు ఆ దుమ్మునే పీల్చిరి, మ్రింగిరి. 1932లో మ్యోలర్, గుడ్యోన్సన్ అను వైద్యులు ఆ పనివారిని ఎక్స్‌రే తీయించి చూడగా వారి ఎముకలు సున్నపుగోడలవలె తెల్లగా, దట్టముగా కనబడినవి. పిమ్మట కాయ్ రోహోల్మ్ అను యువవైద్యుడు ఆ కార్ఖానా పనివారిలో 68 మందిని పరీక్షించి, పశువులమీద ప్రయోగములు చేసి, 1937లో ఫ్లోరిన్ విషముపై ఒక పెద్దగ్రంథమును ప్రకటించెను. నేటికిని ఆ విషయమున అది మూలగ్రంథము.

అదే 1937లో మరియొక వ్యాసము వెలువడినది. చెన్నపట్టణమున పనిచేయుచుండిన షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరుజిల్లా పల్లెలలో నడుము బిగిసిన రైతులను చూచి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చి అను పత్రికలో వ్రాసిరి. అక్కడ కార్ఖానా లేదు, క్రయొలైటు లేదు, దుమ్ము లేదు. ఉన్నవి బావులు. అయినను ఎముకల చిత్రములు కోపెన్‌హాగెన్ చిత్రములకు తోబుట్టువులు. నల్లగొండ వంతు 1955లో వచ్చినది. అప్పటికి ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఎ.హెచ్. సిద్దీఖీ అను వైద్యుడు ఇక్కడి రోగులను వర్ణించుచు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము ప్రకటించెను.

నీటిలోనికి ఈ ఫ్లోరైడు ఎట్లు వచ్చినది? గ్రానైటులోని కొన్ని ఖనిజములలో అది సహజముగనే ఉన్నది. రాతిపగుళ్లలో నిలిచిన నీరు ఎంతకాలము రాతితో సహవాసము చేసిన అంతగా దానిని కరగించుకొనును. నీటిలో సున్నపుపాలు ఎక్కువయైన ఫ్లోరైడు కొంత అడుగంటును. ఇక్కడి నీటిలో ఆ పాలు తక్కువ. వానలు చాలవు, ఎండలు మెండు. పై నీరు ఎండిన కొలది బోరు లోతునకు పోవలెను. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లిగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనప్పుడు 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. నీటిని కాచిన పోవునుగదా అని కొందరు తలంతురు. పోదు సరికదా, ఆవిరి లేచినకొలది మిగిలిన నీటిలో అది చిక్కబడును.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కోపెన్‌హాగెన్ పనివారి శరీరములలోనికి దినమునకు కిలో బరువునకు 0.2 మొదలు 1 మిల్లిగ్రాము వరకు ఫ్లోరిన్ పోవుచుండెనని రోహోల్మ్ అంచనా. ఏబది కిలోల మనుష్యునికి అది 10 మొదలు 50 మిల్లిగ్రాములు. లీటరుకు 4 మిల్లిగ్రాముల ఫ్లోరైడు గల బోరు ఉన్నదనుకొందము. నీడపట్టున కూర్చుండువాడు రెండు లీటర్లు త్రాగిన 8 మిల్లిగ్రాములు. వైశాఖమాసపుటెండలో చెలకలో కలుపు తీయు కూలిమనిషి, బండ కొట్టు ఒడ్డెరవాడు ఆరు లీటర్లు త్రాగక నిలువలేరు. వారికి 24 మిల్లిగ్రాములు. అనగా అల్యూమినియపు లోకమునకు ముడిసరకు నూరిన కార్మికుని మోతాదే, కార్ఖానా ముఖమైన చూడని కూలికిని పడుచున్నది. ఒకే ఊరిలో, ఒకే బావి నీటితో బ్రతికినవారిలో కాయకష్టము చేయువారే ముందుగ వంగిపోవుటకు కారణము ఇక్కడ ఉన్నది. దీనిని నీటిజబ్బు అనుట సరియే. పనిజబ్బు అనుటయు సరియే. ఈ రెండవ మాటను మాత్రము ఎవరును అనరు. అంతర్జాతీయ కార్మికసంస్థ 1980లో సవరించిన వృత్తివ్యాధుల పట్టికలో ఫ్లోరిన్ వలన కలుగు వ్యాధులు చేరినవి. ఆ పట్టిక తలచుకొన్నది కార్ఖానాను. చెలకకు హాజరుపట్టీ లేదు, యజమాని పూచీ లేదు. కావున ఆ నష్టము ఏ లెక్కలోను ఎక్కలేదు.

పరిశోధన జరుగలేదని కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఈ జబ్బుయొక్క మరియొక రూపమును వర్ణించిరి: పిల్లల మోకాళ్లు లోపలికి ఒరసికొని కాళ్లు వంకరపోవుట. ఆ దశాబ్దముననే నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ఒక శుద్ధివిధానమును రూపొందించినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పొడి కలిపి త్రిప్పి, తేరనిచ్చి, వడకట్టవలెను. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. పటిక అల్యూమినియపు లవణము. నీటిలో అది మేఘమువలె విచ్చి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. గ్రీన్లాండు రాతిలో కలిసియుండిన జంటయే ఇక్కడ బిందెలో మరల కలిసినదన్నమాట. 1980లో కదిరిలో ఊరంతటికి సరిపడు యంత్రశాల వెలసినది. పద్ధతి తూర్పు ఆఫ్రికాదేశములకును ప్రయాణించినది. కాని పటిక మోతాదు నీటినిబట్టి మారవలెను, అడుగు మడ్డిని ఎక్కడనో పారవేయవలెను, ఇది దినదినమును జరుగవలెను. బీదయింట అది నిలువదు. జిల్లాపేరు ప్రపంచమెల్ల తిరిగినది. జిల్లాలో నడుములు మాత్రము వంగుచునే ఉండినవి.

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది పోటీచేసిరి. ఓటుపత్రము పుస్తకమైనది. జలసాధన సమితి పూనికతో నీటికొరకు జరిగిన నిరసన అది. 2015 జూన్‌లో చిట్యాలకు పొరుగుననే, చౌటుప్పలులో, తర్వాత మిషన్ భగీరథ అని పిలువబడిన త్రాగునీటి పథకమునకు పైలాను నిలిచినది. నదీజలము గొట్టములగుండ ఇండ్లకు వచ్చినది. ఫ్లోరైడు పీడిత ఆవాసములు తెలంగాణములో ఇక లేవని 2020లో ప్రభుత్వము లెక్క చెప్పినది. ఇంటి కుళాయి తెచ్చిన మేలు చిన్నది కాదు. ఈ తరపు పిల్లల పండ్లు అందుకు సాక్ష్యము చెప్పవలసియున్నది.

అయినను కూలి తన పగటి దాహమును ఇంట తీర్చుకొనడు. కుళాయి వాకిట ఉన్నది. పని రెండుమైళ్ల దూరమున ఉన్నది. సీసాలో తెచ్చుకొన్న నీరు పదిగంటలకు అయిపోవును. ఆపైన చెలకలోని బోరుగొట్టమే దిక్కు. నల్లగొండలో 2007లో స్థాపితమైన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము కలదు. నార్కట్‌పల్లిలో వైద్యకళాశాల కలదు. రెండును చిట్యాలకు దూరము కావు. ఒక వేసవిలో, ఒక ఊరి కూలీలు పనిచోట ఏ బోరునుండి ఎన్ని చెంబులు త్రాగుచున్నారో పొద్దుపొడుపునుండి పొద్దుగ్రుంకువరకు వెంటనుండి వ్రాసికొని, ఆ నీటిని, వారి మూత్రమును పరీక్షించుటకు పెద్ద యంత్రము అక్కరలేదు. రోహోల్మ్ చూచినది 68 మందిని.