చంద్రుడికి వెళ్ళొచ్చినా పాతబడని నవలలు

పిల్లలు రోదసి ప్రయాణాల నవల పట్టుకు కూర్చుంటే, "మనిషి చంద్రుడి మీద దిగి రానే వచ్చాడు, అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు?" అని తీసిపారేస్తూ ఉంటాం. కాని 150 ఏళ్ళు దాటినా వాటిని ఇంకా ఎందుకు చదువుతున్నారో కాస్త ఆలోచిద్దాం.

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1865లో చంద్రయానం మీద ఒక నవల, తర్వాత దానికి కొనసాగింపు రాశాడు. అందులో 900 అడుగుల ఫిరంగిలో పెద్ద గుండు పెట్టి, ఆ గుండులో ముగ్గురిని కూర్చోబెట్టి, అమెరికాలోని ఫ్లోరిడా నుంచి పేలుస్తారు. నిజంగా అలా పేలిస్తే ఆ అదురుకే మనుషులు నుజ్జయిపోతారు. అయినా కథ వదలబుద్ధి కాదు. ఎందుకంటారా?

వెర్న్ ఆ ప్రయాణాన్ని మన ఇల్లాళ్ళు ఊరికి సర్దినట్టు సర్దాడు. తిండి, నీళ్ళు, దీపం, ఆఖరికి కోళ్ళు కూడా! మరి మూసిన గదిలో గాలి మాటేమిటి? పొటాషియం క్లోరేటును వేడిచేసి ప్రాణవాయువు పుట్టిస్తారు. విడిచిన చెడుగాలిని కాస్టిక్ పొటాష్ పీల్చుకుంటుంది. ఇది కట్టుకథ కాదు, రసాయనశాస్త్రమే.

ఇంకో ముచ్చట. పేలుడు దెబ్బకు చనిపోయిన కుక్కను దారిలో బయటికి తోసేస్తారు. అది కింద పడదు, పక్కనే వెంట వస్తుంది! పరుగెత్తే రైల్లో మన ఒళ్ళోని పండు మనతోపాటే వస్తోంది కదా, ఇదీ అంతే. పాఠంలో బుర్రకెక్కనిది కథలో ఇట్టే ఎక్కుతుంది.

అలా ఎక్కినవాళ్ళలో రష్యాలోని సియోల్కోవ్‌స్కీ ఒకరు. తనలో ఆ ఆలోచన రేపింది వెర్న్ నవలలేనని చెప్పుకున్న ఆయన, రాకెట్టుతో రోదసి చేరవచ్చని 1903లో లెక్కలతో సహా ప్రచురించాడు. అమెరికాలో గాడర్డ్ 16 ఏళ్ళప్పుడు హెచ్.జి. వెల్స్ నవల చదివాడు. 1926లో ద్రవ ఇంధనంతో నడిచే తొలి రాకెట్టును ఎగరేశాడు. 1969లో అపోలో-11లోనూ ముగ్గురే, బయల్దేరిందీ ఫ్లోరిడా నుంచే. తిరుగు ప్రయాణంలో ఆర్మ్‌స్ట్రాంగ్ వెర్న్ నవలను గుర్తుచేసుకున్నాడు కూడా.

అయితే వెర్న్ గుండులో ఒక్క ఆడమనిషికీ చోటు లేదు. ఆ లోటు 1963లో రోదసికి వెళ్ళి తెరెష్కోవా తీర్చింది. కనుక ఈసారి అలాంటి పుస్తకం కొంటే, అబ్బాయికి మాత్రమే ఇచ్చి ఊరుకోకండి. అమ్మాయి చేతికీ ఇవ్వండి. చదువుతూ "అమ్మా, అక్కడ గాలి ఎలాగే?" అని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్నతోనే అన్నీ మొదలయ్యాయి.