స్నేహబంధుత్వం

మనిషికి బంధుత్వం రెండు మార్గాలలో లభిస్తుంది. పుట్టుకతోను, వివాహంతోను సంక్రమించేది మొదటిది. మనిషి తానుగా ఎన్నుకొనేది రెండవది. ఏళ్ల తరబడి కష్టసుఖాలలో తోడు నిలిచిన మిత్రులు క్రమంగా అన్నలు, అక్కలు, తమ్ముళ్లు అవుతారు. పరాయివారితో సైతం వరుసలు కలుపుకొని మాట్లాడడం తెలుగువారికి అలవాటే. అయితే కేవలం పిలుపు వల్ల బంధుత్వం ఏర్పడదు. ఆ పిలుపునకు తగిన బాధ్యతను వహించినప్పుడే ఏర్పడుతుంది. ఇందుకు శ్రీశైలంతో ముడిపడిన అక్కమహాదేవి జీవితం చక్కని నిదర్శనం.

అక్కమహాదేవి 12వ శతాబ్దానికి చెందిన కన్నడ వచన కవయిత్రి. నేటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి ఆమె జన్మస్థలం. ఆమె శివుణ్ణే పతిగా భావించి, 'చెన్నమల్లికార్జున' అనే ముద్రతో వచనాలు చెప్పింది. కౌశికుడనే పాలకుని మందిరాన్ని, అందలి భోగాలను త్యజించి ఒంటరిగా బయలుదేరిందని సంప్రదాయ కథనం. పుట్టినింటిని, మెట్టినింటిని విడిచిన స్త్రీకి ఆ రోజులలో నిలువ నీడ దొరకడం కష్టం. అటువంటి స్థితిలో ఆమె కల్యాణ నగరానికి చేరుకొంది.

కల్యాణంలో బసవేశ్వరుని చుట్టూ శరణుల సమూహం ఒకటి ఏర్పడింది. బట్టలు ఉతికే మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, చెప్పులు కుట్టే హరళయ్య అందులో సమాన స్థానం పొందారు. తన చేతులతో కష్టపడడం 'కాయకం', ఆ ఫలాన్ని పదిమందితో పంచుకోవడం 'దాసోహం'. ఈ రెండు నియమాలే వారిని ఒక కుటుంబంగా నిలిపాయి. అయినా వారు మహాదేవిని పరీక్షించకుండా చేర్చుకోలేదు. అల్లమప్రభువు ఆమెను నిండు సభలో సూటిగా ప్రశ్నించాడు. ఆమె జంకక సమాధానం చెప్పింది. ఆ సంవాదం 15వ శతాబ్దంలో కూర్చిన 'శూన్యసంపాదనె' అనే కన్నడ గ్రంథంలో విపులంగా కనిపిస్తుంది. వయసులో చిన్నదైనా శరణులు ఆమెను 'అక్క' అని గౌరవించారు. రక్తసంబంధం లేనివారు ఇచ్చిన ఆ వరుసే ఆమె పేరులో శాశ్వతంగా నిలిచిపోయింది.

అనంతరం ఆమె శ్రీశైలానికి వచ్చి, నల్లమల అడవిలోని కదళీవనంలో తపస్సు చేసి శివైక్యం పొందిందని భక్తుల విశ్వాసం. కృష్ణానదీ తీరాన, జలాశయం మీదుగా పడవలో వెళ్లి చూడదగిన సహజ గుహలు నేటికీ ఆమె పేరుతోనే ప్రసిద్ధి పొందాయి. ఆమె అడవికి ఒంటరిగా వచ్చింది. కాని దిక్కులేనిదై రాలేదు.

కోరి కలుపుకొన్న బంధుత్వానికి ఒక్కొక్కప్పుడు మూల్యం చెల్లించవలసి వస్తుంది. హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులంలో పుట్టిన మధువరసుని కుమార్తెకు శరణులు వివాహం జరిపించారు. ఆ వియ్యానికి ఆగ్రహించిన బిజ్జలుడు తండ్రులిద్దరికీ మరణశిక్ష విధించాడని శరణ చరిత్రలు చెబుతున్నాయి. కల్యాణం అల్లకల్లోలమై శరణులు చెల్లాచెదరయ్యారు. అయినప్పటికీ సహచరుల వచనాలను తాళపత్రాలలో భద్రపరచి తరువాతి తరాలకు అందించారు. సంతానం లేని అక్కమహాదేవి మాటలు ఎనిమిది శతాబ్దాలు దాటి మనకు చేరాయంటే, అది ఆ కుటుంబం నెరవేర్చిన బాధ్యతయే.

శ్రీశైల క్షేత్రంలో ఈ భావన నేటికీ సజీవంగా ఉంది. నల్లమల చెంచులు మల్లికార్జునుని 'చెంచు మల్లయ్య' అని పిలిచి తమ అల్లునిగా భావిస్తారు. ఉగాదికి కర్ణాటక నుండి కాలినడకన వచ్చే భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా ఆదరిస్తారు. దేవునితోనైనా చుట్టరికం కలుపుకొన్నవారు రిక్తహస్తాలతో రారు. సారె తెస్తారు, సేవ చేస్తారు.

ఇల్లు విడిచి వసతిగృహాలలో చదువుకొనే విద్యార్థులకు జీవితాంతం నిలిచే మిత్రులు ఈ వయసులోనే లభించవచ్చు. జ్వరం వచ్చిననాడు పక్కన కూర్చున్నవాడు, తప్పు చేసిననాడు ముఖం మీదే ప్రశ్నించినవాడు, దూరమైన తరువాత కూడా మన మాటను నిలబెట్టినవాడు ఆప్తబంధువు. అటువంటివారిని పొందాలంటే ముందుగా మనం ఇతరులకు అటువంటివారం కావాలి.