సరుగుడు నారు నేర్పిన పాఠం: మొక్కను తెస్తే చాలదు, దాని తోడునూ తేవాలి

ఈ వారం వీడియోలో ఒక సరుగుడు మొక్కను పీకి వేళ్లు చూపించాను కదా. వేరు మీద గుత్తులుగా ఉన్న ఆ బుడిపెలేంటి, తెగులా అని చాలామంది అడిగారు. తెగులు కాదండీ. ఆ బుడిపెల వెనక పెద్ద కథ ఉంది. వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి. కథ ఆస్ట్రేలియా దాకా వెళ్లి మళ్లీ మన గట్టు మీదికే వస్తుంది.

నా నారుమడి పాలిపోయిన సంగతి

మాది బాపట్ల జిల్లా, సముద్రానికి దగ్గర, ఇసుక నేల. నాలుగేళ్ల కిందట మొదటిసారి సొంతంగా సరుగుడు నారు పోశాను. ఊళ్లో ముగ్గురి దగ్గర అడ్వాన్స్ కూడా తీసుకున్నాను. అంతా శుభ్రంగా చేయాలన్న తపనతో కొత్త చోటు చూసుకుని, కడిగిన ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి మడి కట్టాను. జీవామృతం వేళకు పోశాను. అయినా మూడు నెలలకు మొక్క జానెడు దాటలేదు. రంగు పాలిపోయింది. భయం వేసి దుకాణంలో మైకోరైజా పొడి ప్యాకెట్లు కొని చల్లాను. డబ్బు పోయింది గాని నారు కదలలేదు.

అప్పుడు మా వీధి చివరి బాబాయ్ వచ్చి చూసి, "అబ్బాయ్, పిల్లల్ని తెచ్చావు గాని వాటి చుట్టాల్ని తేలేదు. పాత సరుగుడు తోటలో నుంచి రెండు గంపల మన్ను తెచ్చి కలుపు" అన్నాడు. సగం నమ్మకంతోనే తెచ్చి వేశాను. నెలన్నర తిరిగేసరికి నారు రంగు మారింది. ఒక మొక్క పీకి చూస్తే వేరు మీద చిన్న చిన్న బుడిపెలు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు ఆలస్యంగానైనా నారు ఇవ్వగలిగాను.

ఆ బుడిపెల్లో ఉండేది ఫ్రాంకియా అనే జీవి. బూజులా దారాలు వేస్తుంది గాని నిజానికి బాక్టీరియా. గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. దాంతో పాటు సరుగుడు వేళ్లలో మైకోరైజా శిలీంధ్రాలు కూడా కాపురం ఉంటాయి. అవి భాస్వరం తెచ్చిపెడతాయి. సరుగుడు మన చెట్టు అనుకుంటాం గాని దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా తీరాలు, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు. తన తోడు లేని కొత్త మట్టిలో అది బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. నా మడిలో జరిగింది అదే.

పైన్ చెట్లకూ ఇదే జరిగింది

బాబాయ్ చెప్పిన మాట మీద కుతూహలంతో చదవడం మొదలుపెట్టాను. నా కథే ఇంకా పెద్ద ఎత్తున దక్షిణార్ధగోళంలో జరిగిందని తెలిసింది.

పైన్ చెట్లు భూమధ్యరేఖకు పైన ఉండే జాతి. సుమత్రా దీవిలో కొద్ది చోట్ల తప్ప కింది సగంలో సహజంగా పెరగవు. యూరప్ వాళ్లు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లి స్థిరపడ్డాక కలప కోసం పైన్ గింజలు తీసుకెళ్లారు. చాలా చోట్ల కొత్త నర్సరీల్లో మొక్కలు మొలిచి, పాలిపోయి, గిడసబారి ఆగిపోయాయి. పైన్ వేళ్లను తొడుగులా చుట్టుకునే శిలీంధ్రాలు అక్కడి మట్టిలో లేవు. అక్కడి చెట్లకు వేరే శిలీంధ్రాలు ఉన్నాయి గాని అవి పైన్‌తో సరిగా కలవలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా అటవీ శాఖ అధికారి కెసెల్ 1927లోనే దీని గురించి రాశారు. బాగా పెరిగిన పైన్ తోటలోని మట్టి తెచ్చి కలిపితే నారు లేచింది. చూశారా, మా బాబాయ్ గంపే!

తోడు దొరికాక ఏమైందో కూడా చెప్పాలి. న్యూజిలాండ్‌లో ఇప్పుడు పైన్ తోట దాటి కొండల మీదికి పాకుతోంది. తనతో వచ్చిన శిలీంధ్రాలూ పాకుతున్నాయి. బయటి నుంచి తెచ్చిన జింకలు, పాసమ్ అనే జంతువులు ఆ పుట్టగొడుగులు తిని, పేడలో వాటి బీజాలను మోసుకెళ్తున్నాయి. ఎర్ర గొడుగు మీద తెల్ల చుక్కలుండే ఒక విషపు పుట్టగొడుగు అక్కడి సొంత బీచ్ అడవుల్లోకీ చొరబడింది. అందుకే మట్టిని దూరాల నుంచి తెచ్చుకోవడం ఆట కాదు. పక్క తోట మన్ను వేరు, పరాయి దేశపు మన్ను వేరు.

నేలను బట్టి ఒప్పందం

వేరుకీ శిలీంధ్రానికీ ఉన్న ఈ కాపురం ఈనాటిది కాదు. స్కాట్లాండ్‌లోని రైనీ అనే చోట దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనే ఇలాంటి శిలీంధ్రాలు కనిపించాయి. ఆ మొక్కలకు అప్పటికి సరైన వేళ్లు కూడా లేవు. అంటే వేరు కంటే ముందే తోడు వచ్చిందన్నమాట. దీనికి మైకోరైజా అని 1885లో పేరు పెట్టింది ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త.

ఒప్పందం తేలికే. మొక్క తన ఆకుల్లో వండిన పిండిలో నూటికి నాలుగు నుంచి ఇరవై పాళ్ల దాకా శిలీంధ్రానికి పెడుతుంది. శిలీంధ్రం వేరు నూగు కన్నా సన్నటి దారాలతో, వేరు చేరలేని సందుల్లోకి దూరి భాస్వరం, జింక్, నీళ్లు తెస్తుంది. ఎవరూ ఎవరికీ ఊరికే పెట్టరు. భాస్వరం చేతికి అందేంత ఉంటే మొక్క ఆ కూలీని తగ్గించుకుంటుంది. మడి నిండా డీఏపీ వేసి, దాని మీద మైకోరైజా పొడి చల్లడం ఎందుకు దండగో ఇక్కడ అర్థమవుతుంది.

ఆస్ట్రేలియాలో ఈ ఒప్పందం ఎన్ని రకాలుగా మారిందో చూడండి. మన దగ్గర జామాయిల్ అనే నీలగిరి చెట్లు అక్కడ 700 జాతులకు పైనే ఉన్నాయి. పిల్లమొక్కగా ఉన్నప్పుడు వేరు లోపలికి దూరే శిలీంధ్రంతోను, పెద్దయ్యాక ఎక్కువగా వేరుకు తొడుగు వేసే శిలీంధ్రంతోను స్నేహం చేస్తాయి.

నైరుతి ఆస్ట్రేలియాలో జూరియన్ బే దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి లోపలికి ఇసుక తిన్నెలు వరుసగా ఉంటాయి. ఒడ్డు దగ్గరివి కొత్తవి. లోపలికి పోయేకొద్దీ పాతవి, కొన్ని దాదాపు 20 లక్షల ఏళ్ల నాటివి. వానలకు కొట్టుకుపోయి, కొట్టుకుపోయి పాత తిన్నెల్లో భాస్వరం దాదాపు అడుగంటింది. అంత పేద నేలలో శిలీంధ్రం ఎంత దూరం దారం చాచినా దొరికేది తక్కువే. అక్కడ బ్యాంక్సియా లాంటి చెట్లు శిలీంధ్రాన్ని వదిలేసి, బ్రష్షు కుచ్చుల్లా గుత్తి వేళ్లు వేశాయి. ఆ వేళ్లు పుల్లటి ఆమ్లాలు వదిలి, మట్టికి అతుక్కున్న భాస్వరాన్ని ఊడదీసుకుంటాయి. అరకు కాఫీ తోటల్లో నీడకీ, మిరియాల తీగకీ నాటే సిల్వర్ ఓక్ కూడా ఆ కుటుంబమే. దానికీ గుత్తి వేళ్లున్నాయి. ఆ కుటుంబంలో చాలా మొక్కలు భాస్వరం ఎరువు ఎక్కువైతే మాడిపోతాయి.

మరి తోడు వదిలేస్తే నష్టం లేదా? ఉంది. శిలీంధ్రపు తొడుగు ఉన్న చెట్లు వేరుకుళ్లును బాగా తట్టుకుంటాయి, గుత్తి వేళ్ల చెట్లు తొందరగా లొంగిపోతాయి. ఆ ప్రాంతంలో ఫైటోఫ్తొరా తెగులుకు బ్యాంక్సియాలు తోపులకు తోపులే ఎండిపోతున్నాయి. తిండి సంపాదించేవాడు ఒకడు, కాపలా కాసేవాడు ఒకడు అన్నట్టు ఆ అడవిలో రెండు రకాలూ కలిసే బతుకుతున్నాయి.

నల్లరేగడి రైతులు ఇది తప్పక చదవాలి

మనకు బాగా దగ్గరగా తగిలే సంగతి క్వీన్స్‌లాండ్‌ది. అక్కడి డార్లింగ్ డౌన్స్ నేలలు మన నల్లరేగడి లాంటివే. తేమ దాచుకోవడానికి అక్కడి రైతులు పొలాన్ని ఏడాదికి పైగా, కలుపు కూడా లేకుండా, ఖాళీగా ఉంచేవారు. తర్వాత విత్తితే తేమ దండిగా ఉండి కూడా పైరు గిడసబారేది. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, అవిసె, శనగ లాంటి పైర్లలో భాస్వరం, జింక్ లోపం కనిపించేది. గోధుమకు అంత దెబ్బ తగిలేది కాదు. థాంప్సన్ అనే శాస్త్రవేత్త 1987లో కారణం చూపించారు. అన్నాళ్లు పచ్చి వేరు లేక మైకోరైజా శిలీంధ్రం సన్నగిల్లింది. పోషకం మట్టిలో ఉంది, తెచ్చిపెట్టే చెయ్యి పోయింది.

ఇక్కడ మన ప్రకృతి వ్యవసాయదారులకు కాస్త కష్టంగా ఉండే మాట ఒకటి చెప్పాలి. జీవామృతంలో గుప్పెడు గట్టు మన్ను వేస్తాం. బాక్టీరియా లాంటివి ఆ డ్రమ్ములో పెరుగుతాయి, నిజమే. కానీ మన పంటల వేళ్లలోకి దూరే మైకోరైజా డ్రమ్ములో పెరగదు. బెల్లం పోసినా, పిండి పోసినా దానికి అక్కర్లేదు. దానికి కావాల్సింది బతికున్న వేరు ఒక్కటే. నేను కూడా చాలాకాలం పొరబడ్డాను. జీవామృతం మానమని కాదు, దానితోనే పనైపోయిందని అనుకోవద్దని.

నేను ఇప్పుడు చేస్తున్నది

వేసవిలో ఒక్క సెంటు కూడా ఖాళీగా వదలడం లేదు. పీఎండీఎస్ పద్ధతిలో నవధాన్యాలు చల్లుతున్నాను. 365 రోజులు నేల పచ్చగా ఉండాలని ఎందుకంటారో క్వీన్స్‌లాండ్ కథ చదివాక గట్టిగా తలకెక్కింది.

ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి, తోటకూర, పాలకూర ఈ శిలీంధ్రాన్ని పెద్దగా పోషించవు. వాటిని ఒంటరిగా వేయకుండా మధ్యలో జొన్న, కంది, అలసంద సాళ్లు పెడుతున్నాను. లేదా వాటి వెనకే అవి వేస్తున్నాను.

దున్నడం తగ్గించాను. నాగలి తిరిగిన ప్రతిసారీ ఆ దారాల వల తెగుతుంది.

నారుమడికి అదే పంట బాగా పెరిగిన తోటలోని పైమన్ను కొంచెం కలుపుతున్నాను. ఎండు తెగులు, వేరు బుడిపెల నులిపురుగు ఉన్న తోట మన్ను మాత్రం ముట్టను. ఈ ఒక్క జాగ్రత్త మరవకండి.

ఈ మధ్య మా బాబాయ్ మళ్లీ నారుమడి దగ్గరికి వచ్చాడు. ఆస్ట్రేలియా కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంత దూరం పోయి చదివొచ్చావా? పాత తోట మన్నని నేను ఇక్కడే చెప్పాగా" అన్నాడు. నిజమే. కాకపోతే ఎందుకో తెలిసింది కాబట్టి ఇక మరిచిపోను.

మీ పొలంలో ఎన్ని నెలలు పచ్చి వేరు ఉంటోందో ఒకసారి లెక్క వేసుకుని కింద కామెంట్లో రాయండి. వచ్చే వీడియోలో నవధాన్యాలు చల్లిన మడి, చల్లని మడి పక్కపక్కనే తవ్వి చూపిస్తాను.